రేవుగట్టుపై ఆటస్థలము

గత సంవత్సరము మా సంఘపు ఉగాది సభ ముగిసిన పిమ్మట, మేము కొందరము నగీనా ఘాట్ మెట్లపై కూర్చుండి యుండగా, ఇంజనీరింగు చదువుచున్న ఒక బాలుడు మమ్ములను ఒక ప్రశ్న అడిగెను. "తాతగారూ, ఇంగ్లండులో లివర్‌పూల్ వారు పాత ఓడరేవునే పూడ్చి పెద్ద ఫుట్‌బాల్ స్టేడియము కట్టినారు గదా! మన గోదావరి గట్టున అట్టిది ఏల కట్టరాదు?" ఆ పూట మేము నవ్వి ఊరకుంటిమి. కాని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. దానికి ఇయ్యవలసిన సమాధానమే ఈ వ్యాసము.

మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. శిల్పశాస్త్రమును గూర్చి పండితులవలె మాట్లాడు యోగ్యత మాకు లేదు. అయినను ముప్పది యేండ్లకు పైగా అంచనాపట్టికలను, బిల్లులను చూచినవానికి ఒక అలవాటు అబ్బును. ఎంత గొప్ప కట్టడమును గూర్చి విన్నను, "సొమ్మెవరిది? అది చాలకున్న పూచీ యెవరిది? కట్టిన తరువాత దాని పోషణ యెవరిది?" అను మూడు ప్రశ్నలు ముందుగా తోచును. ఈ మూడు ప్రశ్నలతోనే మేము లివర్‌పూల్ కట్టడమును విమర్శింపబూనితిమి.

ముందుగా ఆ స్థలమును గూర్చి కొంత చెప్పవలెను. మెర్సీ నది ఒడ్డున 1848లో ఒకే దినమున ఐదు రేవులను తెరచిరి. వానిలో బ్రామ్లీ-మూర్ రేవు ఒకటి. జెస్సీ హార్ట్‌లీ అను ఇంజనీరు దాని గోడలను నల్లరాతితో కట్టించెను. బొగ్గు ఎగుమతికి అది పేరుపొందినది. కాలక్రమమున ఓడలు పెద్దవయ్యెను, వర్తకము వేరుచోట్లకు తరలెను, రేవు పాడుబడెను. అయినను ఆ నగరపు పాత రేవులలో కొన్నింటిని కలిపి, సముద్రవర్తక నగరముగా 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చెను. కావున అది ఖాళీ స్థలము కాదు, కేవలము పాత గోడయు కాదు. లోకమంతటికి చెందిన ఉమ్మడి ఆస్తి అని ఒక పెద్ద సభ ముద్రవేసిన స్థలము.

ఎవర్టన్ క్లబ్బు 1878లో పుట్టినది. 1892 నుండి గుడిసన్ పార్కు దాని ఇల్లై యుండెను. ఇండ్ల నడుమ ఇరుకుగా నున్న ఆ మైదానమును విడిచి పెద్దదానిని కట్టుకొనవలెనని వారు చిరకాలము ప్రయత్నించిరి. మొదట కింగ్స్ రేవు వద్ద కట్టదలచిరి. తమ వంతుగా తేవలసిన 3 కోట్ల పౌండ్లను సమకూర్చలేక 2003లో ఆ యత్నమును విడిచిరి. తరువాత కర్క్‌బీ అను చోట ఒక దుకాణాల సంస్థతో కలిసి కట్టదలచిరి. 2009లో ప్రభుత్వము దానిని నిరాకరించెను. తుదకు ఎన్నుకొన్నది బ్రామ్లీ-మూర్ రేవు. పలుమార్లు భంగపడినవారి పట్టుదలను మేము మెచ్చుకొందుము. కాని మొదటి భంగము నేర్పిన పాఠమును వారు పూర్తిగ నేర్చినట్లు తోచదు. సంచి నిండకముందే పునాది త్రవ్వరాదనుటయే ఆ పాఠము.

ఇక సొమ్ము సంగతి. 2016లో ఫర్హాద్ మొషీరీ అను ధనికుడు క్లబ్బులో ప్రధానభాగస్వామి యయ్యెను. 2017లో నగరపాలక సంఘము ముందుకు వచ్చి, ప్రత్యేకముగా ఏర్పరచు ఒక సంస్థద్వారా 28 కోట్ల పౌండ్ల అప్పునకు పూచీపడుదుమనియు, అందులకు ప్రతిఫలముగా క్లబ్బు ఏటేటా 40 లక్షల పౌండ్లకు పైగా రుసుము చెల్లింపవలెననియు సూత్రప్రాయముగా అంగీకరించెను. చూచుటకు లాభసాటి బేరమే. కాని లాభము వచ్చినచో ఆటవారిది, నష్టము వచ్చినచో ఇంటిపన్ను కట్టు సామాన్యునిది. ఆ ఏర్పాటు చివరకు అమలుకాలేదు. ఇది నగరవాసుల దూరదృష్టి వలన గాక అదృష్టము వలననే జరిగినదని మా అభిప్రాయము. ఏలయన తరువాతి కథ ఇట్లున్నది.

మొదట 50 కోట్ల పౌండ్లని చెప్పిన ఖర్చు 75 కోట్లు దాటినది. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వచ్చినది. క్లబ్బునకు ప్రకటనల మూలమున ధనమిచ్చుచుండిన సంస్థలతో సంబంధముగల అలిషేర్ ఉస్మానోవ్‌పై బ్రిటిష్ ప్రభుత్వము ఆంక్షలు విధించెను. ఆ పైకము ఆగిపోయెను. రేవులో గోడలు లేచుచుండగా క్లబ్బు నష్టములలో మునిగెను. అనుమతించిన మేరకు మించి నష్టపడినందుకు 2023 నవంబరులో 10 పాయింట్లు కోసిరి. అపీలుపై అవి 6గా తగ్గెను. 2024 ఏప్రిలులో మరి 2 కోసిరి. స్టేడియము అప్పు వడ్డీని ఏ పద్దులో చూపవలెనను తగాదా ఆ వ్యవహారమున ఒక ముఖ్యభాగమై యుండెను. గుమాస్తాగా ఈ సంగతి చదివినపుడు మాకు నవ్వు రాలేదు. పద్దు వ్రాయు చోటు మారిన మాత్రమున మైదానములో ఆటగాండ్లు చెమటోడ్చి సంపాదించిన పాయింట్లు పోవునని ఎవరనుకొందురు! క్లబ్బును కొందుమని వచ్చిన ఒక సంస్థ అప్పులిచ్చియు కొనలేకపోయెను. తుదకు 2024 డిసెంబరులో అమెరికాకు చెందిన ఫ్రీడ్కిన్ వర్గము కొనినది. అప్పటికి గాని ఊపిరి ఆడలేదు. నగరపాలక సంఘము పూచీపడి యుండినచో ఆ యేండ్లలో ఎవరి నిద్ర చెడియుండునో పాఠకులే ఊహింపగలరు.

ఇక స్థలము సంగతి. 2021 ఫిబ్రవరిలో నగరపాలక సంఘము కట్టడమునకు అనుమతినిచ్చెను. చారిత్రక కట్టడములను కాపాడు సంస్థ అభ్యంతరము చెప్పినను ఫలము లేకపోయెను. అదే సంవత్సరము జులైలో యునెస్కో సభ లివర్‌పూల్ పేరును జాబితానుండి తొలగించెను. ఆ జాబితా చరిత్రలో తొలగింపబడిన స్థలములలో అది మూడవది మాత్రమే. ఇచ్చట న్యాయముగా మాట్లాడవలెను. దోషమంతయు స్టేడియముదని చెప్పుట తప్పు. రేవుల వెంబడి ఎత్తైన మేడలు కట్టు పథకము కారణముగా 2012లోనే ఆ నగరము ప్రమాదపు జాబితాకు ఎక్కియుండెను. స్టేడియము ఆ బరువుపై పడిన మరియొక బరువు. కాని పేరు పోయినది. దానిని తిరిగి కొనుటకు ఏ బ్యాంకును అప్పు ఇయ్యదు.

మంచిని కూడ చెప్పకున్న విమర్శకునికి ధర్మము కాదు. ఆ నగరపు ఉత్తరభాగము బీదది, పని తక్కువ. అచ్చట జనులు రావలెను, దుకాణములు తెరువవలెను అను కోరిక సహేతుకము. సముద్రపుటిసుకను తెచ్చి రేవును పూడ్చిరేగాని పాత రాతిగోడలను పెరికివేయలేదు. 1883 నాటి జలయంత్రశాలను, దాని గోపురమును నిలిపిరి. పడమటివైపున కొంత నీటిని విడిచిరి. 2025 ఆగస్టులో 52 వేలమందికి పైగా పట్టు ఆ ప్రాంగణమున లీగు ఆట మొదలయ్యెను. పాత గుడిసన్ పార్కును కూల్చక స్త్రీల జట్టునకు ఇచ్చిరి. ఈ తుది పని మాకు అన్నింటికంటె నచ్చినది. పాతయింటిని పాడుపెట్టక ఆడపడుచులకు అప్పగించినట్లున్నది. కావున మా తీర్పు ఇది. కట్టడముగా అది ప్రశంసనీయము. ఏర్పాటుగా చూచినచో మాత్రము రెండు ముఖ్యవిషయములలో కొరత కలది. ఒకే మనుష్యుని సంచిని నమ్మి మొదలుపెట్టుట ఒకటి. ఉమ్మడి వారసత్వమునకు వెలకట్టు గడియే లెక్కపుస్తకములో లేకుండుట రెండవది.

ఇప్పుడు మన ఊరికి వత్తము. నాందేడుకు నది కొత్త ఆస్తి కాదు. 1708లో గురుగోవింద్ సింగ్ ఇచ్చట దేహము చాలించిరి. ఆ పవిత్రస్థలమున మహారాజా రంజిత్ సింగ్ 1830ల ప్రాంతమున గురుద్వారమును కట్టించెను. 2008లో గురుగద్దె మూడువందల సంవత్సరముల ఉత్సవమునకు పూర్వము జవాహర్‌లాల్ నెహ్రూ నగర పునరుద్ధరణ పథకము క్రింద మన నగరమున పెక్కు పనులు జరిగినవి. నదీతీరమును చక్కబరచుటయు వానిలో చేరినది. మన తరగతి నగరములకు ఆ పథకమున నూటికి 80 కేంద్రము, 10 రాష్ట్రము, 10 నగరపాలిక పెట్టవలెనని ఏర్పాటు. నూటికి పది యనిన చిన్నదిగా తోచును. కాని మొదటిపెట్టుబడి మాత్రమే పంచుకొనబడినది. మెట్లపై చేరు బురదను ఏటేటా ఎత్తించుటకు ఎనుబదివంతులు పంచుకొను వారెవ్వరు?

పైగా రేవు వేరు, నది వేరు. రేవునకు గోడయు తలుపును గలవు, నీరు చెప్పినట్లు వినును. గోదావరి వినదు. 2006 ఆగస్టులో ఎగువ జాయక్‌వాడి ఆనకట్టనుండి విడిచిన నీటితో మన ఊరు మునిగినపుడు, పల్లపు పేటలలో ఎవరి సామానులు ఎచ్చట తేలినవో మనలో పెక్కురకు జ్ఞాపకమే. నదికి విశాలముగా పరచుకొను హక్కు కలదు. ఆ హక్కును ఆక్రమించి కట్టిన ప్రేక్షకాసనములలో మొదటి ప్రేక్షకురాలు ఆ నదియే యగును. బాసర దిక్కుగా ప్రవహించి తెలుగునేలను చేరు ఈ జలమును మనము తల్లి యందుము. తల్లి ఒడిలో ఆడుకొనవచ్చును, ఆమె ఊపిరికి అడ్డముగా గోడ కట్టరాదు.

ఇచ్చట మా తప్పునొకదానిని ఒప్పుకొనవలెను. మేము పనిచేసిన ఒక కార్యాలయమున ఒకప్పుడు పిల్లల ఆటలకై ఒక చిన్న ప్రాంగణమును కట్టించిరి. అంచనా మూడుమార్లు పెరిగినది. మూడుమార్లును ఫైలు మా బల్లమీదుగనే పోయెను. కావలివాని జీతమునకు, నీటికి, దీపములకు పద్దు లేదని మేము గుర్తించితిమి. అయినను ఆ మాట వ్రాయక, చిన్న సంతకము పెట్టి పైకి పంపితిమి. పెద్దలకు అడ్డుపడుట ఏల అనుకొంటిమి. ప్రారంభోత్సవము ఘనముగా జరిగినది. రెండేండ్లలో తాళము త్రుప్పుపట్టినది, గడ్డి మొలచినది, పిల్లలు మరల వీధిలోనే ఆడిరి. ఆ చిన్న సంతకము నేటికిని మా కన్నులయెదుట నిలుచుచున్నది. లివర్‌పూల్‌ను విమర్శించుట సులభము. ఒక్క వాక్యము వ్రాయవలసిన చోట వ్రాయకపోవుట అన్ని ఊళ్లలోను జరుగును.

ఆటకు మేము విరోధులము కాము. 1956 వరకు మన జిల్లా హైదరాబాదు రాజ్యములోనిదే. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును గూర్చి మా తండ్రిగారు గర్వముతో చెప్పుచుండిరి. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశమును నాలుగవస్థానమునకు తెచ్చిరి, 1962లో ఆసియా క్రీడలలో స్వర్ణము తెచ్చిరి. ఆ వైభవము పాలరాతి ప్రేక్షకాసనములనుండి పుట్టలేదు. ప్రొద్దుట ఐదుగంటలకు తెరచియుండు మైదానము, దిద్దు గురువు, ఆడు బాలురు, ఈ మూడింటినుండి పుట్టినది.

కావున ఆ బాలునికి మా సమాధానమిది. నాయనా, కట్టవచ్చును. కాని వరదగీతకు వెలుపల కట్టుడు. మొదటి రాయి వేయుటకు ముందే మూడు పత్రములు నలుగురి యెదుట చదువుడు. పూర్తి పెట్టుబడి యెచ్చటనుండి వచ్చునో చెప్పునది మొదటిది. అది చాలకున్న జనుల పన్నులపై భారము పడదని చెప్పునది రెండవది. ఇరువది యేండ్లపాటు గడ్డికి, దీపమునకు, కావలివానికి పైకమెవరిదో చెప్పునది మూడవది. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినను, నీవు ఇంజనీరువై ఆ ఫైలు నీ బల్లమీదికి వచ్చిననాడు, మావలె చిన్న సంతకము పెట్టి ఊరకుండకుము. అడ్డముగా ఒక్క వాక్యము వ్రాయుము.