తిరగని బంతి

1987 ఆగస్టు 3న అనహైమ్‌లో ఆట మధ్యలో అంపైర్లు మిన్నెసోటా ట్విన్స్ పిచర్ జో నీక్రో చుట్టూ చేరి జేబులు చూపించమన్నారు. ఆయన జేబులు తిరగేస్తుంటే గోళ్లు రాసుకునే ఆకురాయి ఒకటి ఎగిరి నేలమీద పడింది. ఉప్పుకాగితం ముక్క కూడా దొరికింది. బంతిని గీకుతున్నాడని పది రోజులు ఆటకు దూరం పెట్టారు. తాను నకిల్‌బాల్ వేసేవాణ్ణనీ, గోళ్లు సరిగా లేకపోతే తన పని సాగదనీ ఆయన మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఉప్పుకాగితం సంగతేమో గానీ, ఆకురాయి గురించి ఆయన చెప్పింది నిజమే. ఈ బంతికి భుజబలం కన్నా రెండు గోళ్లే ముఖ్యం.

బేస్‌బాల్ పిచర్ మన బౌలర్‌లా పరుగెత్తి రాడు. 10 అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి బంతిని నేల తాకకుండా విసురుతాడు. అమెరికాలో పెద్ద లీగ్ దిబ్బ ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. హైస్కూల్లోనో కాలేజీలోనో మెరిసిన కుర్రాణ్ణి ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో ఏదో ఒక జట్టు ఎంచుకుంటుంది. ఆపైన రూకీ లీగ్, సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అంటూ చిన్న ఊళ్ల మైదానాల్లో ఒక్కో మెట్టే ఎక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా వేగాన్ని కొలిచే రాడార్ గన్ కాపలా ఉంటుంది. వేగం కోసం ఏళ్ల తరబడి చేతిని పిండితే మోచేతి లిగమెంట్ తెగుతుంది. దాన్ని సరిచేసేందుకు 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కు తొలిసారి చేసిన ఆపరేషన్ ఈ వృత్తిలో ఇప్పుడు మామూలైపోయింది. వేగం చాలనివాడో, చేయి చెడినవాడో ఇక ఇంటికి పోవాల్సిందే అనుకున్న రోజున నకిల్‌బాల్ గుర్తుకొస్తుంది.

ఇందులో కిటుకు చెప్పడానికి తేలిక. మామూలు వేగపు బంతిని వేళ్లతో లాగి, మణికట్టు విదిలించి వదులుతారు. 150 కిలోమీటర్ల వేగంతో అది బ్యాటర్‌ను చేరేలోపు పదిహేను చుట్ల దాకా తిరుగుతుంది. ఆ తిరుగుడును బట్టే బ్యాటర్ బంతి ఎటు పోతుందో పసిగడతాడు. నకిల్‌బాల్ వేసేవాడు ఆ తిరుగుడునే ఆపేస్తాడు. చూపుడువేలు, మధ్యవేలు గోళ్లను కుట్టు వెనక తోలులో నొక్కి, మిగతా వేళ్లను పక్కన ఆన్చి, మణికట్టు బిగబట్టి, బంతిని ముందుకు తోసినట్టు వదులుతాడు. గోరు పొడవైతే విరుగుతుంది, పొట్టిదైతే పట్టు దొరకదు. దారిలో బంతి ఒక చుట్టు తిరగాలి, మహా అయితే ఒకటిన్నర. బంతి మీద 108 జంట కుట్లు ఉబ్బెత్తుగా వంపులు తిరిగి ఉంటాయి. బంతి మెల్లగా తిరిగేకొద్దీ ఆ కుట్లు గాలికి ఒకసారి ఈ పక్క, మరోసారి ఆ పక్క అడ్డుపడతాయి. దాంతో గాలి తోపుడు మారుతుంది. గంటకు 105, 110 కిలోమీటర్ల వేగంతో తెగిన గాలిపటంలా వచ్చే ఆ బంతి ఎటు వాలుతుందో విసిరినవాడికీ తెలియదు. నాలుగు చుట్లు ఎక్కువ తిరిగిందంటే మాత్రం అది ఎవడైనా బాదగల మెత్తటి బంతి.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఆర్.ఏ. డిక్కీని అడగాలి. 1996లో టెక్సస్ రేంజర్స్ ఆయన్ను మొదటి రౌండ్‌లోనే ఎంచుకుంది. ఒక పత్రిక ముఖచిత్రంలో ఆయన చేయి వేలాడుతున్న తీరు చూసి జట్టు ట్రెయినర్‌కు అనుమానం వచ్చింది. పరీక్ష చేస్తే కుడి మోచేతిలో ఉండాల్సిన లిగమెంటే లేదు. 8,10,000 డాలర్ల బోనస్ 75,000కు పడిపోయింది. పైకీ కిందికీ తిరుగుతూ దాదాపు పదేళ్లు గడిచాక, 2005లో కోచ్‌లే నకిల్‌బాల్‌కు మారమన్నారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆ బంతితో బరిలోకి దిగిన మొదటి ఆటలోనే ఆరు హోమ్‌రన్‌లు ఇచ్చాడు. అక్కడితో ఆగిపోతే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. పాత నకిల్‌బాల్ పిచర్ చార్లీ హఫ్ పట్టు సరిచేశాడు, జో నీక్రో అన్న ఫిల్ నడుము కదలిక నేర్పాడు. 2008లో సియాటిల్ జట్టుతో బోస్టన్ వెళ్లినప్పుడు ఎదుటి జట్టు నకిల్‌బాల్ పిచర్ టిమ్ వేక్‌ఫీల్డ్ తన సాధన దగ్గరుండి చూడనిచ్చి, అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. 2012లో డిక్కీ 20 విజయాలతో, ఏటా మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. నకిల్‌బాల్ పిచర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అప్పటికి ఆయన వయసు 38.

వృత్తిలో పోటీదారుకు రహస్యం చెప్పేవాడు ఎవడుంటాడు? నకిల్‌బాల్ వాళ్లుంటారు. వేక్‌ఫీల్డ్‌కూ ఎవరో చెప్పారు మరి. బ్యాటింగ్ కుదరక పిచర్‌గా మారి, 1992లో పిట్స్‌బర్గ్ తరఫున వెలిగి, 1995 వసంతంలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. బోస్టన్ చేరదీసింది. ఆ జట్టు శిక్షణ శిబిరానికి దగ్గర్లోనే ఒక మహిళల జట్టుకు శిక్షణ ఇస్తున్న ఫిల్, జో నీక్రోలు ఆయన్ను చక్కదిద్దారు. ఆ ఏడు 16 విజయాలు. బోస్టన్‌లోనే పదిహేడు సీజన్లు ఆడి, 45 ఏళ్ల వయసులో, మొత్తం 200 విజయాలతో తప్పుకున్నాడు. నీక్రోలకు నేర్పింది ఓహాయోలో బొగ్గుగని కార్మికుడైన వాళ్ల నాన్న, ఇంటి పెరట్లో. ఫిల్ 48 ఏళ్ల దాకా ఆడి 318 విజయాలు సాధిస్తే, వాటిలో 121 నలభై దాటాక వచ్చినవి. వాళ్లకు ముందు హోయట్ విల్హెమ్ హైస్కూల్లో ఉండగా డచ్ లెనార్డ్ అనే నకిల్‌బాల్ పిచర్ గురించి పత్రికలో చదివి పట్టు నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చి, 29వ ఏట పెద్ద లీగ్‌లో అడుగుపెట్టి, యాభైకి కొద్ది రోజుల ముందు దాకా విసిరాడు.

ఈ బంతికి అసలు బాధితుడు మాత్రం బ్యాటర్ వెనక కూర్చుని దాన్ని పట్టే క్యాచర్. 1960లో బాల్టిమోర్ మేనేజర్ పాల్ రిచర్డ్స్ విల్హెమ్ బంతుల కోసం ఏకంగా పెద్ద సైజు గ్లవ్ చేయించాడు. తర్వాత లీగ్ ఆ సైజుకు హద్దు పెట్టింది. వేక్‌ఫీల్డ్ బంతులు పట్టడం ఎవరికీ చేతకాక, 2006లో బోస్టన్ తన పాత క్యాచర్ డగ్ మిరబెల్లిని తిరిగి తెప్పించుకుంది. విమానాశ్రయం నుంచి ఆయన పోలీసు కాన్వాయ్‌లో మైదానానికి చేరాడు.

మన క్రికెట్‌లోనూ ఈ పట్టు ఉంది. 2011 ప్రపంచకప్‌లో జహీర్ ఖాన్ వాడాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడుతున్న రోజుల్లో భువనేశ్వర్ కుమార్ దానితో బ్యాటర్లను తికమకపెట్టాడు. కానీ మనవాళ్లకు అది ఓవర్లో ఒకటి రెండుసార్లు వేసే మాయ. వేక్‌ఫీల్డ్‌కు బతుకుతెరువంతా అదే.

ఇప్పుడు అలాంటివాళ్లు దాదాపు లేరు. బంతి పనికిరాక కాదని నా నమ్మకం. పదిహేడేళ్ల కుర్రాడి నకిల్‌బాల్ చూసి వీడు పైకొస్తాడని చెప్పగల కొలమానం ఏ జట్టు దగ్గరా లేదు. కొలవలేని దానికి డబ్బు పెట్టరు. శాన్ డియేగో తరఫున మ్యాట్ వాల్‌డ్రన్ ఆ బంతి వేశాడు గానీ, వేగపు బంతులతో కలిపి. జపాన్‌లో ఎరి యోషిదా అనే అమ్మాయి వేక్‌ఫీల్డ్ వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుని, 2008లో పదహారేళ్లకే మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్‌కు ఎంపికైంది. 2010లో ఆమె అమెరికా వెళ్లినప్పుడు వేక్‌ఫీల్డ్ ఆమె బంతులు చూసి మెళకువలు చెప్పాడు. ఆ ఏడాదే ఆమె కాలిఫోర్నియాలోని చికో జట్టు తరఫున మగవాళ్లకు బంతులు విసిరింది.