బానిసల చెమట, దొరల పద్దు: ఎరిక్ విలియమ్స్ గ్రంథ విమర్శ

బానిసత్వమును తొలగించిన పుణ్యము తమదేయని ఆంగ్లచరిత్రకారులు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. ఆ పుణ్యమును పద్దుపుస్తకము తెరచి పరీక్షించిన గ్రంథము ఎరిక్ విలియమ్స్ రచించిన ‘కాపిటలిజం అండ్ స్లేవరీ’. ట్రినిడాడ్‌లో 1911లో జన్మించి, ఆక్స్‌ఫర్డులో 1938లో డాక్టరు పట్టమందిన ఈ పండితుని గ్రంథము 1944లో అమెరికాలో వెలువడినది. లండనులో అచ్చగుటకు మరి ఇరువదియేండ్లు పట్టినది; అప్పటికి గ్రంథకర్త స్వతంత్ర దేశమునకు ప్రధానమంత్రి. ఆ జాప్యమే గ్రంథమునకొక వ్యాఖ్యానము.

ఇంగ్లండునుండి ఆఫ్రికాకు సరకులు, ఆఫ్రికానుండి వెస్టిండీసుకు మనుష్యులు, అచటినుండి ఇంగ్లండునకు పంచదార: ఈ ముక్కోణపు వర్తకము లివర్‌పూల్, బ్రిస్టల్ రేవులను పెంచి, బ్యాంకులకును, భీమా సంఘములకును, మిల్లులకును మూలధనము సమకూర్చిన తీరును విలియమ్స్ పేర్లతో, లెక్కలతో నిరూపించును. ఆ ఓడలలో భారతదేశపు నేతబట్టలును ఉండెడివి. కోరమండలతీరపు మగ్గములపై నేసిన బట్టయు ఆఫ్రికా తీరమున మనుష్యునికి మారుగా పోయినదని తలచినపుడు తెలుగు పాఠకుని చేయి పుటపై ఒక్కింత ఆగక మానదు.

వర్ణద్వేషమువలన బానిసత్వము పుట్టలేదు, బానిసత్వమువలననే వర్ణద్వేషము పుట్టినదని ఆయన మొదటి వాదము. తోటకు కావలసినది చవుకయైన కూలి. ఆ కూలివాని రంగు పిమ్మటి మాట. ఆఫ్రికనుల విడుదల తరువాత తోటలకు భారతీయులను ఒప్పందకూలీలుగా తెచ్చుటయే ఇందుకు సాక్ష్యము. మారిషసుకును, 1860 నుండి నేటాలునకును పోయిన అట్టి కూలీలలో తెలుగువారనేకులు కలరు.

రెండవ వాదము మాత్రము వివాదగ్రస్తము. తోటల లాభము క్షీణించినందుననే బ్రిటను 1807లో బానిసవర్తకమును, 1833 చట్టముతో బానిసత్వమును మానెనని విలియమ్స్ మతము. సేమూర్ డ్రెషర్ 1977లో దీనిని గట్టిగా ఖండించి, వర్తకమును నిషేధించునాటికి వెస్టిండీసు తోటలు లాభసాటిగనే యుండెనని చూపెను. ఈ ఖండనముతో విలియమ్స్ గ్రంథము కూలినదని తలచువారు తొందరపడుచున్నారు. లాభము చివరివరకు సాగినదన్నచో బ్రిటను ఔదార్యము కొంత పెరుగునేమో కాని, కూలియీయక గుంజిన సొమ్ము మొత్తమును పెరుగును గదా! అప్పు వాదము డ్రెషర్ చేత బలపడినదే గాని సన్నగిల్లలేదు.

గ్రంథమున అసలు కొరత వేరొకటి. బానిసలు తమ విడుదలకై తాము చేసిన పోరాటమునకు ఉపసంహారమునకు ముందు ఒక్క అధ్యాయమే దక్కినది. 1831లో సామ్యూల్ షార్ప్ నాయకత్వమున జమైకాలో చెలరేగిన తిరుగుబాటు పార్లమెంటును ఎంత కదలించినదో తలచినచో ఆ ఒక్క అధ్యాయము చాలదు. పాఠశాలలో విలియమ్స్‌కు గురువైన సి. ఎల్. ఆర్. జేమ్స్ హెయిటీ విప్లవముపై 1938లో వ్రాసిన గ్రంథమున బానిసలే కథానాయకులు. శిష్యుని చూపు లెక్కలమీద, గురువు చూపు మనుష్యులమీద.

లెక్కలలో కెల్ల చేదైనది 1833 చట్టములోని పరిహారపు పద్దు. రెండుకోట్ల పౌనులు, అనగా ఆనాటి ప్రభుత్వ వార్షికవ్యయములో ఇంచుమించు నూటికి 40 వంతులు, యజమానులకు ముట్టెను. బానిసలకు దమ్మిడీ రాలేదు సరికదా, వారిలో పెక్కుమంది 1838 వరకు ‘శిక్షణ’ యను పేర జీతములేక చాకిరి చేయవలసివచ్చెను. ఈస్టిండియా కంపెనీ యేలుబడిలోని భూములను ఆ చట్టము తాకనేలేదు. ఆ పరిహారమునకై చేసిన ఋణపు శేషము తీరినది 2015లో. అనగా వెస్టిండీసునుండి వలసవచ్చి ఇంగ్లండున పన్నుకట్టిన బానిససంతతివారు, తమ తాతలను కొన్నవారికిచ్చిన సొమ్మునకై తామును చెల్లించిరి.

కరీబియను దేశముల కూటమి 2013లో ఒక పరిహారసంఘమును నియమించి, మరుసటియేడు పది కోరికల ప్రణాళికను ప్రకటించినది. క్షమాపణ, ప్రజారోగ్యము, ఋణవిమోచనము వానిలోనివి. 2024లో సమోవాలో సమావేశమైన కామన్వెల్తు నాయకులు దీనిపై చర్చకు సమయము వచ్చినదని తమ ప్రకటనలో వ్రాసిరి. బ్రిటిషు ప్రభుత్వము మాత్రము సొమ్ము చెల్లించుమాట లేదనెను.