గొంగడి కింది ఆవిరి

మా అన్న మనుమరాలు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఈ రాతప్రతిని నా చేతిలో పెట్టి, "తాతా, ముందుగాల నాలుగు మాటలు రాసియ్యి" అన్నది. అరవై పేజీలు కూడా లేని పుస్తకం. సర్దితో ముక్కు మూసుకుపోయినప్పుడు తానాల గదిలో వాడే బిళ్లలను ఇంట్లోనే ఎట్లా చేసుకోవాలో చెప్పే పుస్తకం. ముప్పయి ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ని, మందుల ముచ్చట నాకేం తెలుసని మొదట వెనుకాడాను. రెండోసారి చదివిన తరువాత మాత్రం, దీనికి ముందుమాట రాయవలసినవాణ్ని నేనేనని అనిపించింది. ఆ కారణం చెప్పాలంటే గొంగడి దగ్గర మొదలుపెట్టాలి.

జలుబు, పడిశం అన్న మాటలు మేము పుస్తకాల్లో చదువుకున్నవి. మా నోట ఎప్పుడూ సర్దే. వరికోతలై, కల్లాల్లో దుమ్ము లేచి, తెల్లవారుజామున చలి కొరికే నెలల్లో మా ఊరు బుగ్గారంలో సర్ది లేని ఇల్లు ఉండేది కాదు. మందు ఇంటింటా ఒక్కటే, వావిలాకు. వాగు ఒడ్డుకో చెలక గట్టుకో పోయి మండలు విరుచుకొస్తే, అవ్వ వాటిని కాగులో వేసి మరిగించేది. బాలింతకు ఆ నీళ్లతోనే తానం. సర్ది పట్టినవాళ్లకు అవే నీళ్లు గంజులో పోసి, ఇంత పసుపు, ఇంత వాము వేసి, ముందు కూచోబెట్టి పైన గొంగడి కప్పేవాళ్లు. లోపలంతా చీకటి. గొర్రె ఉన్ని వాసన, వావిలాకు చేదు వాసన కలిసిపోయేవి. చెమట కారి కండ్లు మండేవి. ఒక్కసారిగా ముక్కులో ఏదో తలుపు తెరుచుకున్నట్టయ్యేది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ వైద్యం మీద నాకున్న ప్రేమ చిన్నది కాదు.

ఆ ప్రేమతోనే ఒకనాడు మా అన్న మనుమడికి, అంటే ఈ పుస్తకం రాసిన పిల్ల అన్నకు, నేనే ఆవిరి పట్టించాను. వాడికప్పుడు ఆరేండ్లు. పొయ్యి మీద నుంచి దించిన గంజును నా చేత్తోనే వాడి ముందు పెట్టాను. గొంగడి కింద వేడికి తాళలేక వాడు కాలు జాడించాడు. గంజు ఒరిగింది. కుడి తొడ మీది నుంచి మోకాలి దాకా తోలు లేచిపోయింది. మేము చేసిన రెండో తప్పు అంతకంటే పెద్దది. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని భయపడి పండ్ల పేస్టు తెచ్చి రాశాం. కాలిన చోట వెంటనే ఇరవై నిమిషాల పాటు మామూలు చల్లటి నీళ్లు ధారగా పొయ్యాలని, పేస్టు, సిరా, పసుపు ఏవీ రాయకూడదని ఈ పుస్తకం ఐదో పేజీలో ఉంది. ఆ ఐదో పేజీ మీద నేను చాలాసేపు ఆగిపోయాను. దీన్ని రాసినామె అప్పుడు నాలుగేండ్ల పిల్ల, వాకిట్లో నిలబడి అన్న ఏడుపు విన్నది. ఆ ఏడుపుకు ఇరవై ఏండ్ల తరువాత ఈ పుస్తకంతో జవాబు చెప్పింది.

ఫార్మసీ చదివిన పిల్ల కాబట్టి లెక్క ప్రకారం పోయింది. బయట దేశాల్లో షవర్ కింద పెట్టుకునే బిళ్లలు అమ్ముతారట. వేడి నీళ్లు తగిలితే పొంగి, తైలపు వాసన గదంతా నింపుతాయి. అదే పనిని మన కిరాణం కొట్టు సామానుతో చేసి చూపింది. తినే సోడ రెండు వందల గ్రాములు, నిమ్మ ఉప్పు వంద, కార్న్‌ఫ్లోర్ యాభై. పుదీన పువ్వు, అంటే మెంథాల్ పలుకులు, అర చెంచా తీసుకొని ఒక చెంచా నీలగిరి తైలంలో కరిగించి ఆ పొడికి పట్టించాలి. ఆ మీదట వేళ్లతో నీళ్లు చిలకరిస్తూ కలపాలి. పిడికిట్లో నొక్కితే ఉండ నిలిస్తే చాలు. ఒక్క చెంచా నీళ్లు ఎక్కువైనా సోడా, నిమ్మ ఉప్పు అక్కడికక్కడే కలబడి గిన్నెలోనే పొంగిపోతాయి, బిళ్లకు ఇంకేమీ మిగలదు. మూలకు పడేసిన స్టీలు ఇడ్లీ రేకులో అద్ది, నీడన ఒక రాత్రి ఆరబెట్టి, గాజు సీసాలో బిగించి పెట్టుకోవాలి. ఎండలో పెడితే తైలం గాలికి పోతుంది. వానకాలంలో చేస్తే తేమకే ఉబ్బుతాయి. ఆ ఇడ్లీ రేకుకు ఎర్ర దారం కట్టి, మళ్లీ తిండికి వాడొద్దని మా వంటింట్లో కూడా చెప్పిపోయింది.

నాకు బాగా నచ్చింది దీని తరువాతి భాగం. మా ఊరి ఇండ్లల్లో ఎందరికి షవర్ ఉంది? బకెట్, మగ్గు, ఒక మూలన నీళ్లు కాగే హీటర్. ఇంత మామూలు సంగతిని పట్టించుకోని రాతలు ఎన్నో చదివాను. ఈమె పట్టించుకున్నది. బిళ్లను పాత స్టీలు మగ్గులో వేసి, తానం చేసే చోటికి రెండు చేతుల దూరంలో మూలన పెట్టి, తానానికి తోడిన వేడి నీళ్లే సగం మగ్గు పొయ్యాలని రాసింది. మరిగే నీళ్లు అక్కర్లేదు, మంట అక్కర్లేదు, గొంగడి అక్కర్లేదు. తానానికి పనికొచ్చే వేడి చాలు. బిళ్లను తానం నీళ్లలోనే కలుపుకోవద్దని గట్టిగా చెప్పింది, ఎందుకంటే తైలం నీళ్లలో కలవదు, పైన తేలి ఒంటికి కండ్లకు తగిలి మంట పుడుతుంది. తానం అయ్యాక నేల కడగమన్నది, తైలపు జిడ్డుకు ముసలివాళ్లు జారిపడతారని. తలుపులు కిటికీలు అన్నీ మూసి ఆవిరి నింపుకుందామనే ఆశకు కూడా అడ్డం పడింది. గ్యాస్ గీజర్ ఉన్న గదిలో గాలి ఆడే కిటికీ తెరిచే ఉండాలి, లేకపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

బిళ్లలో కర్పూరం ఎందుకు లేదని నేనే అడిగాను. సర్దికి కర్పూరం లేని మందు మా తరం ఎరుగదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలో కర్పూరం ఉంది. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో తయారుచేసిన జిందా తిలిస్మాత్‌లో నీలగిరి తైలంతో పాటు కర్పూరం, పుదీన పువ్వు, వాము పువ్వు ఉన్నాయి. ఆ సీసా లేని ఇల్లు మా వైపు ఉండేది కాదు. చక్కెర మీద రెండు చుక్కలేసి ఇస్తే నాలుక మండి కండ్లల్లో నీళ్లు తిరిగేవి. మా బాపు అమృతధార అని ఇంకొకటి చేసేవాడు. కర్పూరం, పుదీన పువ్వు, వాము పువ్వు సమంగా తీసుకొని సీసాలో వేసి కదిపితే, చుక్క నీళ్లు పొయ్యకుండానే మూడు పలుకులూ కరిగి నీళ్లయ్యేవి. చిన్నప్పుడు అది నాకు గారడీ. మూడూ కలిసినప్పుడు వాటి కరిగే వేడి బాగా తగ్గిపోతుందని, అందుకే గది వేడికే ద్రవమవుతాయని ఈమె రెండు వాక్యాల్లో చెప్పింది. గారడీ అర్థమైంది కానీ నాకు ముచ్చట తగ్గలేదు.

అయినా బిళ్లలో కర్పూరం వద్దన్నది. తెల్లగా, గుండ్రంగా, తియ్యటి వాసనతో ఉండే బిళ్ల పసిపిల్లకు చాక్లెట్ లాగే కనిపిస్తుంది. కర్పూరం కడుపులోకి పోతే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. కొద్దిపాటిదే చాలు. నీలగిరి తైలం మింగినా ప్రమాదమే, కనుక సీసా ఎత్తులో ఉండాలి. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ గోలీలను కర్పూరమనుకొని ఆవిరిలో వేసేవాళ్లకు వేరే హెచ్చరిక రాసింది. రెండేండ్ల లోపు పిల్లలున్న చోట ఈ బిళ్ల అసలే వద్దని, ఆ ఘాటు వాసనకు పసివాళ్ల ఊపిరి ఆగే ప్రమాదముందని, ఆస్తమా ఉన్నవాళ్లకు దమ్ము పెరగవచ్చని ఉంది. ఈ హెచ్చరికలను పుస్తకం చివరన చిన్న అక్షరాల్లో పెట్టలేదు. తయారీ కంటే ముందే పెట్టింది. నేను పంతులుగా దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

ఇంకొక గుణం ఉంది, దానికోసమే ఈ పుస్తకం నలుగురి చేతికి పోవాలని కోరుతున్నాను. ఈ బిళ్ల సర్దిని నయం చేస్తుందని ఆమె ఎక్కడా రాయలేదు. ముక్కు మూసుకుపోయేది చీమిడితో మాత్రమే కాదట. ముక్కు లోపలి రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకవుతుంది. పుదీన పువ్వు ఆ ఉబ్బును తగ్గించదు. చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను తట్టి, గాలి బాగా ఆడుతున్నదన్న భావన కలిగిస్తుంది. ఆ చల్లదనాన్ని పట్టే గ్రాహకాన్ని 2002లో కనుక్కున్నారు. ఆ పని చేసినవాళ్లలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఉన్నారు. వేడిని, చల్లదనాన్ని, స్పర్శను శరీరం ఎట్లా పసిగడుతుందో తేల్చినందుకు 2021లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. వేడి తేమగాలి పీల్చితే సర్ది తొందరగా పోతుందనడానికి గట్టి ఆధారం, వైద్య ప్రయోగాలను జల్లెడ పట్టి చూసే కాక్రేన్ సమీక్షలో దొరకలేదన్న సంగతీ దాచలేదు.

మరి ఎందుకు చేసుకోవాలి? రాత్రంతా నోటితో ఊపిరి తీసి గొంతు ఎండిపోయిన మనిషికి పది నిమిషాలు హాయిగా ఊపిరి ఆడిందనిపిస్తే అది తక్కువ సుఖమా? నిద్ర పడుతుంది, ఇంత అన్నం పోతుంది. సర్ది తన రోజులు తాను తీసుకొని పోతుంది. కరోనా కాలంలో ఇంటింటా కుక్కర్ గొట్టానికి పైపు తగిలించి పూటకు మూడుసార్లు ఆవిరి పట్టినవాళ్లను నేను చూశాను. ఆవిరి వైరస్‌ను చంపదని డాక్టర్లు చెబుతున్నా వినలేదు, ముఖాలు కాల్చుకున్నారు. సుఖాన్ని సుఖమని, మందును మందని విడిగా చెప్పే పుస్తకం అప్పుడే ఉంటే బాగుండేది.

కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చేసే ఆడబిడ్డలకు, సిరిసిల్ల సాంచెల దగ్గర పనిచేసేవాళ్లకు ఒక అధ్యాయం కేటాయించింది. ఏడాది పొడుగునా తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉంటే అది సర్ది కాదు, తంబాకు దుమ్ముకో నూలు దూదికో ముక్కు మొర పెట్టుకుంటున్నదని అర్థం. దానికి బిళ్ల పనికిరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, గాలి ఆడే చోట పని చెయ్యాలి, దవాఖానకు పోవాలి. సర్ది పది రోజులు దాటినా, పసిపిల్ల డొక్కలు ఎగరేస్తున్నా, ఒక్క పూట కూడా ఆగొద్దని రాసింది.

పెద్దవాణ్ని కనుక ఒక లోపం చెప్పాలి. వావిలాకుకు అర పేజీయే ఇచ్చింది. నీలగిరి తైలంలో ఉండే సినియోల్ వావిలాకులోనూ కొంత ఉంటుందని రాసి ఊరుకున్నది. ఆ చెట్టు ఎక్కడెక్కడ పెరుగుతుంది, ఏ కాలంలో ఆకు ఘాటుగా ఉంటుంది, బాలింతకు నీళ్లు ఎట్లా కాచేవాళ్లు, మా ఊళ్లో డెబ్బయి దాటిన ఆడవాళ్లను అడిగి రెండో ముద్రణలో రాయి బిడ్డా. వాళ్లు చెప్పగలిగిన రోజులు ఎన్నో లేవు. వావిలాకు కాచిన నీళ్లను మరిగేటప్పుడు కాక గోరువెచ్చగా అయ్యాక తానానికి వాడితే ఎవరికీ భయం లేదు కదా.

భాష గురించి రెండు మాటలు. సోడియం బైకార్బొనేట్ అని మొదలుపెట్టకుండా తినే సోడ అన్నది. సిట్రిక్ యాసిడ్‌ను నిమ్మ ఉప్పు అన్నది. రాతప్రతిలో షవర్ బిళ్లలు అని ఉంటే, ఆవిరి బిళ్లలు అని మార్చుకొమ్మన్నాను. "ఆవిరి అంటే మళ్ల గంజు పెడుతరేమో తాతా" అని ఒప్పుకోలేదు. చివరికి తానపు బిళ్లలు అని కుదిరింది. ఆమె భయమే సరైనదని ఇప్పుడు నాకూ అనిపిస్తున్నది.

కాలు కాలిన పిల్లవాడు ఇప్పుడు మస్కట్‌లో పనిచేస్తున్నాడు. ఒక గదిలో ఎనిమిది మంది, రాత్రంతా ఏసీ, వాడి ముక్కు ఎప్పుడూ దిబ్బడే. డబ్బా నిండా బిళ్లలు పంపుతానని నేను అంటే చెల్లెలు వద్దన్నది. పేరు లేని తెల్లటి పిండి ముద్దలు విమానాశ్రయంలో కనిపిస్తే వాడు చిక్కుల్లో పడతాడు. అక్కడి దుకాణాల్లో దొరికే సామానుతోనే, పొయ్యి లేకుండా, పదిమంది వాడుకునే తానాల గదిలో పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా ఎట్లా చేసుకోవాలో వాడి కోసం వేరేగా రాసింది. అదే ఈ పుస్తకంలో ఆఖరి అధ్యాయం. పోయిన శుక్రవారం వాడు వీడియోలో ఫోన్ చేసి, చాయ్ కప్పులో అద్దిన బిళ్లను చూపించాడు. ఒక పక్క విరిగింది. నీళ్లు ఎక్కువ పోశావురా అన్నాను.

బుగ్గారం,
ఆశీస్సులతో
మీ తాత