జడలు కట్టిన తల

జడలు కట్టిన తలతో తిరుగువానిని మన తెలుగుదేశమున ఎవరైనను తొలుత అడుగు ప్రశ్న ఒక్కటియే: "ఏ దేవుడి మొక్కండీ?" పుట్టువెండ్రుకలు తీయించుటకు తిరుమలకో వేములవాడకో పోవుటయు, ఆపద గట్టెక్కిన పిమ్మట తలనీలాలు సమర్పించుటయు తరతరాలుగా నడచుచున్న నాట, పెరిగిన కేశమును ఎవరికో బాకీపడిన సొమ్ముగా చూచుట సహజమే. మొక్కేమియు లేదన్నచో నమ్మరు, నమ్మినవారు జాలిపడుదురు. ఒకనాడు బస్సులో ఒక ముసలమ్మ నాకు చేతులు జోడించి, "కూర్చో సామీ" యని జరిగినది. ఆమె ప్రక్కనున్న యువకుడు ముక్కునకు చేతిరుమాలు అడ్డము పెట్టుకొనెను. ఆ రెండు మర్యాదలకును నేను అర్హుడను కాను.

మానవ శిరస్సున సుమారు లక్ష వెండ్రుకలుండును. వానిలో దినమునకు 50 మొదలు 100 వరకు రాలుచుండును. దువ్వుకొనువారికి అవి దువ్వెన పండ్లలో చిక్కి వెలుపలికి పోవును. దువ్వెన మానినవాని తలలో వానికి పోవు దారి లేదు గనుక, ప్రక్కనున్న వెండ్రుకను చుట్టుకొని అచ్చటనే నిలుచును. వెండ్రుక పైపొరయందు కుదురునుండి కొసవైపునకు తిరిగిన సూక్ష్మమైన పొలుసులున్నవి; తడి తగిలి, రాపిడి కలిగినప్పుడు అవి ఒకదానినొకటి పట్టుకొనును, ఆరునప్పుడు బిగియును. తడి ఉన్ని అట్టగట్టుటయు ఈ పొలుసుల చలువయే. ఇందొక విచిత్రము కలదు. ఒక్కొక్క వెండ్రుక నెలకు సెంటీమీటరునకు కొంచెము ఎక్కువగా పెరిగి, 2 మొదలు 7 ఏండ్లలో ఆయువు తీరి రాలును కాబట్టి విడికేశముల పొడవునకు ఒక హద్దున్నది. జడ కట్టిన దానికి ఆ హద్దు లేదు, రాలిన దానిని మొలచినది పట్టి నిలుపుచునే యుండును. కుంభమేళాలలో కొందరు సాధువుల జటలు నేల జీరాడుటకు కారణమిదియే. జటాధారి మోయు బరువులో చాలభాగము ఎన్నడో రాలిపోవలసినదే యన్నమాట.

చుట్టలు తిరిగిన ఆఫ్రికా సంతతివారి కేశము కొలది మాసములలో తనంత తానే పాయలుగా ఏర్పడును. నావంటి తిన్నని వెండ్రుకలవానికి ఏండ్లు పట్టును. ఈ ఆలస్యమునకు ఓర్వలేనివారు కొసనుండి కుదురునకు ఎదురు దువ్వుట, క్రోషే సూదితో పోగులను లోనికి లాగుట, మైనము పూయుట మున్నగు ఉపాయములు పన్నుదురు. సూదిని క్షమింతును గాని మైనమును క్షమింపను. అది నీటికి కరుగదు, ధూళిని విడువదు, లోపలికి చేరినదా, కత్తెర పడినగాని బయటికి రాదు. శృంగిబేరపురమున రాముడు గుహునిచే మర్రిపాలు తెప్పించుకొని, తనకును లక్ష్మణునకును జటలు కట్టెనని అయోధ్యాకాండ చెప్పుచున్నది. మర్రిపాలును జిగురే, దుమ్ము పట్టునదే. అయినను ఒక్క ఉదయములో మునివేషము ధరింపవలసిన రాకుమారులకు వేరొక దారి ఏమున్నది?

ఇక పోషణ సంగతి. తలకు స్నానము చేయదలచినవాడు నీళ్లకంటె ముందు ఎండను చూచుకొనవలెను. ఎండ కాయు ఉదయముననే నేను తల తడుపుదును. ముసురు పట్టిన వారమున ఆ పని వాయిదా పడును. కుంకుడుకాయల రసము గుడ్డలో వడియగట్టినది మేలు. సీకాయపొడి నేరుగా రుద్దినచో ఆ నలుసులు జడ నడుమ చేరి ఎన్ని నెలలకును వదలవు. రుద్దవలసినది కుదుళ్లను, జడలకు ఆ జారు నురుగే చాలును. పిమ్మట ఒక్కొక్క జడను పిడికిట బిగించి పిండి, తువ్వాలుతో అదిమి, ఎండకు వీపు చూపి కూర్చుండవలెను. పైకి ఆరినట్లు కనబడిన జడ లోపల చాలసేపు చెమ్మ దాచుకొనును. ఆ తడితో పండుకొన్నవానికి బూజువాసన తప్పదు. ఆకాశగంగ శివుని జటాజూటమున దిగి, వెలుపలికి దారి కానక ఏండ్లతరబడి అందే తిరుగాడెనని చదివి చిన్ననాడు అతిశయోక్తి యనుకొంటిని. ఇప్పుడది స్వభావోక్తి యని తోచుచున్నది.

కొబ్బరినూనె మన ఇండ్ల అలవాటే గాని, జడలకు పట్టించినచో దుమ్మును పిలిచి కూర్చుండబెట్టినట్లే. సాధువులు విభూతి పూయుటకు శాస్త్రార్థము వేరుండవచ్చును. జిడ్డును చెమటను బూడిద పీల్చుకొనుట మాత్రము ప్రత్యక్ష ఫలము.

అన్నింటికంటె మెలకువ కోరునది కుదుళ్లను విడదీయుట. దగ్గరగా దిగిన మర్రి ఊడలు కాలక్రమమున ఒకే మ్రానుగా కలిసిపోవునట్లు, పొరుగు జడలు రెండు మొదళ్లవద్ద గుట్టుగా ఏకమగును. తల ఆరిన ప్రతిసారియు వేళ్లతో తడిమి, చిక్కుపడిన చోట మెల్లగా విడదీయుచుండవలెను. ఏమరినచో అవి ఒక్క అట్టయై, క్రింది చర్మమునకు గాలి సోకదు, బరువంతయు కొన్ని కుదుళ్లపైననే పడును. బిగువుగా మెలిపెట్టుట అంతకంటె చేటు. ఏండ్లతరబడి లాగబడిన కణతలవద్ద జుట్టు పలచబడి, తుదకు మరల మొలవకయే పోవచ్చును.

జమైకాలో రస్తఫారీలు 1930లో అభిషిక్తుడైన ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవముగా కొలిచి, తలకు మంగలికత్తి తగులరాదను బైబిలునందలి నాజీరు వ్రతమును ప్రమాణముగా గైకొని జడలు పెంచిరి. 1963లో అచ్చటి కోరల్ గార్డెన్స్ అనుచోట జరిగిన ఘర్షణ పిమ్మట పోలీసులు వారిని పట్టి కొట్టి, పలువురి జడలు కత్తిరించిరి. ప్రభుత్వపక్షమున ప్రధాని ఆండ్రూ హోల్నెస్ క్షమాపణ చెప్పుటకు 2017 రావలసివచ్చెను. మన చేరువను దీనికి విపర్యయము కలదు. ఉత్తర కర్ణాటక, మహారాష్ట్ర సీమలలో ఆడపిల్ల తల జడ కట్టినచో ఎల్లమ్మ పిలుపుగా నెంచి, ఆమెను దేవతకు విడిచిన కాలమున్నది. ఆంధ్రప్రదేశమున ఇట్టి సమర్పణను నిషేధించు చట్టము 1988లో వచ్చినది. నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన మహారాష్ట్ర అంధశ్రద్ధ నిర్మూలన సమితివారు అట్టి స్త్రీలకు నచ్చజెప్పి, భయము పోగొట్టి జడలు తీయుచున్నారు. నా జడలపైకి ఎవరైన కత్తెర తెచ్చినచో ఎంత అడ్డుపడుదునో, అచ్చట ఆ కత్తెర ఆడుటకు అంత సంతోషింతును.

ఈ జడలు మరల విప్పవచ్చునా యని కొందరడుగుదురు. విప్పవచ్చును, కండిషనరు దండిగా పట్టించి, కొసనుండి మొదలుపెట్టి, సూదిమొనతో పోగు పోగు లాగుచు దినములకొలది కూర్చుండు ఓర్పుగలవాడు దొరకవలెను. అన్నేండ్లు రాలక నిలిచిన వెండ్రుకలన్నియు ఒక్కసారి చేతికి వచ్చి చూచువారిని హడలగొట్టును. 14 ఏండ్ల పిమ్మట తిరిగివచ్చిన రామునికడకు శత్రుఘ్నుని యాజ్ఞచే మెత్తని చేతులును మిక్కిలి వేగమును గల క్షురకులు వచ్చిరనియు, భరత లక్ష్మణుల స్నానమైన తరువాత రాముడును జటలు పోగొట్టుకొని స్నానమాడెననియు యుద్ధకాండలో నున్నది. ఊరేగింపునకు రథము సిద్ధమగుచుండగా అన్ని జటలు విప్పు తీరిక ఎవరికున్నది? క్షురకుల వేగమును వాల్మీకి ప్రత్యేకించి చెప్పుటను బట్టి చూడగా, ఆనాడు దువ్వెనకు పని పడలేదనియే నా యనుమానము.