రెండు వాతలు

నా కుడి మణికట్టు మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. ఆరేళ్లప్పుడు కామెర్లొస్తే మా నాయనమ్మ పొరుగూరికి తీసుకెళ్లి వాత పెట్టించింది. కాలిన కడ్డీ గుర్తులేదు. ఇంటికొచ్చేదాకా ఆవిడ నన్ను చంక దింపకపోవడం మాత్రం గుర్తుంది. ఆవిడకు నేనంటే ప్రాణం. ప్రేమతో పెట్టినా కాలేది చర్మమే అన్న సంగతి, పిల్లల రక్షణ పనిలోకి వచ్చాక గానీ నాకు తట్టలేదు.

మన భాషలో రోగానికి పెట్టేదీ వాతే, తప్పు చేస్తే పెట్టేదీ వాతే. మచ్చ చూసి ఏది ఏదో చెప్పడమే మా పనిలో సగం.

కొన్నేళ్ల కిందట పెద్దపల్లి వైపు ఓ ఇటుక బట్టీకి వెళ్లాను. ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే అడ్వాన్సు తీసుకుని ఇలాంటి బట్టీలకు వస్తాయి. వానలు పడేదాకా అక్కడే బతుకు. పెద్దవాళ్లు మట్టి కలిపి అచ్చు కొడతారు. పిల్లలు పచ్చి ఇటుకల్ని ఎండకు తిరగేస్తారు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన.

అక్కడ పదేళ్ల పిల్ల కనిపించింది. ముంజేతి మీద రెండు వాతలు. ఒకటి పాతబడి నున్నగా తెల్లబడింది. రెండోదింకా ఎర్రగానే ఉంది. నాకు ఒడియా రాదు. కూలీల్ని తెచ్చిన సర్దారే దుబాసీ అయ్యాడు. ఏమైందని అడిగించాను. పిల్ల కాసేపు చెప్పింది, మధ్యలో ఆగి అతని మొహం చూసింది, మళ్లీ చెప్పింది. అంతసేపు చెప్పినదాన్ని సర్దారు రెండు ముక్కల్లో తేల్చేశాడు. "కామెర్లకి పెట్టించారంట మేడమ్. వాళ్లలో అంతే."

నా మణికట్టు చూసుకున్నాను. తలూపాను. కాగితం మీద 'సంప్రదాయ వైద్యం' అని రాసుకున్నాను.

ఇంటికెళ్లాక విక్టోరియా క్లింబియే గుర్తొచ్చింది. ఐవరీ కోస్ట్ పిల్ల. చదివిస్తానని చెప్పి బంధువొకావిడ తీసుకెళితే, 1999లో లండన్ చేరింది. ఒంటి మీద గాయాలతో ఆస్పత్రికొస్తే, అక్కడి పెద్ద డాక్టరు గజ్జి అని తేల్చారు. ఆ బంధువు ఎదుట పిల్ల సిపాయిలా బిగుసుకుని నిలబడుతోందని తెలిసిన సోషల్ వర్కర్, వాళ్ల కుటుంబాల్లో పెద్దలంటే భయభక్తులెక్కువ, ఇదీ అదే కాబోలని సరిపెట్టుకుంది. 2000 ఫిబ్రవరిలో, ఎనిమిదేళ్లకే విక్టోరియా చనిపోయింది. ఒంటి మీద 128 గాయాల గుర్తులున్నాయి. కన్నవాళ్ల ఇంట్లో అలా నిలబడే అలవాటే లేదని ఆ చావుపై లార్డ్ లామింగ్ జరిపిన విచారణలో తేలింది. 2003లో వచ్చిన ఆయన నివేదికను మా పనిలో ఉన్నవాళ్లం ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటాం.

పొరపాటు రెండో వైపూ జరుగుతుంది. మన పసిపిల్లలకు నడుం కింద పుట్టుకతో వచ్చే నీలి మచ్చల్ని దెబ్బలనుకుని కంగారుపడ్డవాళ్లు పడమటి దేశాల్లో ఉన్నారు. 2011లో నార్వేలో ఓ బెంగాలీ జంట నుంచి ఇద్దరు పసివాళ్లను అక్కడి పిల్లల సంక్షేమ అధికారులు తీసుకెళ్లిన సంగతి బయటికొచ్చాక, చేత్తో అన్నం పెట్టడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తప్పయిందా అని మన దేశమంతా మండిపడింది.

మరుసటి ఏడాది ఓస్లోలో కోర్టు ఓ తెలుగు దంపతులకు, ఏడేళ్ల కొడుకును హింసించారని శిక్ష వేసింది. తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు జైలు. అప్పుడు మా వీధి అరుగు మీద ఒకటే మాట. "కన్నబిడ్డను దండిస్తే జైలా? మొక్కై వంగనిది మానై వంగునా?" పిల్లల్ని కొట్టడాన్ని నార్వే 1987లోనే చట్టంతో మాన్పించింది. అయినా నన్ను పట్టి పీడించింది చట్టం సంగతి కాదు. ఆ పిల్లాడు బళ్లో ఏం చెప్పుకున్నాడో అరుగు మీద ఒక్కరూ అడగలేదు. పరాయి పిల్ల విషయంలో "వాళ్లలో అంతే", మన పిల్లాడి విషయంలో "మనలో అంతే". రెండు చోట్లా నోరు మూతపడేది పిల్లలకే.

వారం తిరక్కుండా బట్టీకి మళ్లీ వెళ్లాను. అక్కడి బడిలో పాఠాలు చెప్పే ఒడియా టీచరమ్మను వెంట తీసుకెళ్లాను. సర్దారును ఏదో కాగితం మిషతో ఆఫీసు గదికి పంపించి, ముగ్గురం బోరింగు పక్కన కూర్చున్నాం. టీచరమ్మ వాతల మాటే ఎత్తలేదు. ఊళ్లో మీకెన్ని మేకలని అడిగింది. మేకల పేర్లన్నీ అయ్యాక, పిల్ల తనంతట తనే చెయ్యి చాపింది.

పాతది ఊళ్లో అమ్మమ్మ పెట్టించింది, కామెర్లకే. కొత్తది ఇక్కడిది. ఇటుకలు తిరగేస్తూ కునుకు తీసి, వరసలో కొన్ని విరగ్గొట్టింది. తండ్రి గరిటె కాల్చి పెట్టాడు. తండ్రి మీద ఒక్క మాట తూలలేదా పిల్ల. అంతకుముందు రోజే లెక్క తక్కువైందని సర్దారు నాన్నను అందరి ముందూ చెంప మీద కొట్టాడని మాత్రం చెప్పింది. టీచరమ్మ ఆ మాట తెలుగులో చెప్పడానికి కాసేపు పట్టింది. నేను దుబాసీగా కూర్చోబెట్టుకున్నది ఆ చేతినే.

ఆ తర్వాత చైల్డ్ వెల్ఫేర్ కమిటీలో ఏం జరిగిందన్నది ఆ పిల్ల గుట్టు, రాయను. బలంగీర్ ఆచారాల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ రెండో వాత నాకు అర్థమయ్యేది కాదు. అది ఆచారంలోంచి రాలేదు, అడ్వాన్సు లెక్కలోంచి వచ్చింది. అందుకే ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ల నివేదికల్లో "వీరి సంస్కృతిలో" అన్న మాట కనిపిస్తే పక్కన గీత గీసి ఒకటే అడుగుతాను. ఈ మాట పిల్ల చెప్పిందా, పిల్ల తరఫున ఇంకెవరైనా చెప్పారా?

ఆ మొదటి కాగితం పారేయలేదు. 'సంప్రదాయ వైద్యం' అని నేను రాసింది పూర్తిగా అబద్ధం కాదు. రెండు వాతల్లో ఒకటి అదే.