గబగబా రాసిన మాటలు

నా సీరియల్ ఏడో భాగంలో ‘గబగబా’ అనే మాట పదకొండుసార్లు వచ్చిందని లెక్కపెట్టి, గుడివాడ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. “మీ కథానాయిక గబగబా లేస్తుంది, గబగబా తింటుంది, చివరికి గబగబా ఏడుస్తుంది కూడా. ఆవిడకి ఏ బస్సు తప్పిపోతోందండీ?” అని అడిగారు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. గడువు తరుముకొస్తుంటే గబగబా రాసింది నేను. ఆ తొందరంతా పాపం ఆ పిల్ల నెత్తిన రుద్దాను.

ఆ వారంలోనే, ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కూతురు ఫోను చేసింది. “అత్తా, జపాను భాషలో వ్యాకరణం కాస్త పట్టుబడింది గానీ, ఈ జంట మాటలే కొరుకుడు పడటంలేదు” అని మొర. వాటికోసం 2007లో అచ్చయిన ఒక నిఘంటువు పేరులోనే 4500 అన్న అంకె ఉందిట! ఏవో నాలుగు చెప్పమన్నాను. పళ్లకింద గట్టిగా విరిగేదాన్ని ‘కరికరి’ అంటారట. పొయ్యిమీద కూర ఉడికితే ‘గుత్సుగుత్సు’. గుండె కొట్టుకుంటే ‘దొకిదొకి’.

“ఓసి పిచ్చిదానా, ఇవి నీకు రాకపోవడమేమిటే? జంతికలు కరకర, అన్నం కుతకుత, గుండె దడదడ. మీ నాయనమ్మ వంటింట్లో నువ్వు ఎప్పుడో నేర్చుకున్నావు” అన్నాను.

అంతమాత్రాన జపానుతో చుట్టరికం కలిపేయనక్కరలేదు. చెవికి తగిలినదాన్ని నోరు అనుకరించబోతే అక్కడక్కడ ఒకేలా పలుకుతుంది, అంతే. మన దేశంలో మాత్రం ఇది అందరి సొత్తు. ద్రావిడ భాషలూ సంస్కృతం వైపు భాషలూ ఈ అలవాటును పంచుకున్నాయని ఎమెనో అనే భాషావేత్త 1969లో ఒక వ్యాసంలో చూపించారు.

ఆ పిల్లకి చెప్పబోతే నాకే కొన్ని సంగతులు కొత్తగా తెలిసివచ్చాయి. తోమిన ఇత్తడి బిందె తళతళలాడుతూనే ఉంటుంది. మెరుపు అలా కాదు, ఒక్కసారి తళుక్కుమని పోతుంది. జంటగా అంటే సాగే పని, ‘క్కు’ తగిలిస్తే ఒక్కసారే జరిగి ఆగిన పని. జపానులోనూ అంతేనట. మెరుస్తూ ఉంటే ‘కిరకిర’, ఒక్కసారి మెరిస్తే ‘కిరరి’. అక్షరం బరువెక్కితే అర్థమూ బరువెక్కుతుంది. తలుపు మెల్లగా తడితే వాళ్లకి ‘తొంతొం’, బాదితే ‘దొందొం’. మన గుమ్మం ముందు టకటకమంటే పక్కింటావిడ పంచదారకి వచ్చినట్టు. దబదబమంటే గుండె జారిపోతుంది, ఎవరికేమైందోనని!

ఇంత నిక్కచ్చిగా ఉండే మాటల్ని మనం నవలల్లో ఏం చేస్తున్నాం? నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. మన కథానాయిక కిలకిలా తప్ప నవ్వదు. కన్నీళ్లు జలజలా తప్ప రాలవు. పారిజాతం కొమ్మ కుదిపి చూడండి, పూలు జలజలా రాలతాయి. అంటే ఆ రాలడం వెనక ఒక కుదుపు ఉంది. కంచం ముందు కూర్చుని, తనలో తనే బాధపడే ఇల్లాలి కన్నీళ్లు అలా రాలవు. వాన వెలిశాక చూరునీళ్లలా బొటబొటా పడతాయి. మాట మారితే మనిషే మారిపోతుంది.

ఇవి పసిపిల్లల మాటలనీ, గంభీరమైన రచనలో తగ్గించాలనీ అనే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. జపాను రచయిత మియజావా కెంజి (1896–1933) ఇలాంటి మాటల్ని కొత్తగా పుట్టించడంలోనే పేరుపడ్డాడు. అంతదూరం ఎందుకు, శంకరంబాడి సుందరాచారిగారి ‘మా తెలుగు తల్లికి’ పాట చూడండి. గోదావరి నడకకి ఒక జంట మాట, కృష్ణమ్మ పరుగుకి మరో జంట మాట పెట్టారాయన. అవేమిటో మీ నాలుకమీదే ఉన్నాయి గనక నేను రాయక్కరలేదు. రెండు నదులకీ ఒకే మాట వాడి ఉంటే ఏం బాగుండేది?

మాట పొదుపుగా వాడటం కూడా తెలియాలి. జపానువాళ్లకి నిశ్శబ్దానికి సైతం ‘షీన్’ అని ఒక శబ్దం ఉందిట. మనం చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం అంటాం. ఆ ఒక్క చిటుక్కు విలువ తెలియాలంటే దాని చుట్టూ పది చప్పుళ్లు ఉండకూడదు.

ఇదంతా శైలి ముచ్చటే అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. 2019లో మా అమ్మకి ఒంట్లో బాగాలేదని చల్లపల్లి దగ్గర మా ఊరినుంచి బెజవాడ తీసుకొచ్చాను. డాక్టరుగారికి తెలుగు అంతగా రాదు. అమ్మ ఏదో చెప్పబోతుంటే నేనే అందుకుని, “గుండెల్లో మంటటండీ” అని ఇంగ్లీషులో చెప్పేశాను. బి.ఏ. చదివినదాన్ని కదా! ఆయన మంటకే మందిచ్చారు. మర్నాడు పెద్ద నర్సమ్మ వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని, “భగభగమంటోందా అమ్మా?” అని అడిగింది.

“భగభగ కాదు తల్లీ. లోపల మెలిపెట్టినట్టుండి, ఉండుండి జివ్వున ఎడం చేతిలోకి లాగుతోంది” అంది అమ్మ.

నర్సమ్మ మరుమాట లేకుండా లేచి వెళ్లింది. పది నిమిషాల్లో ఇ.సి.జి. తీశారు. అమ్మ బతికి బయటపడింది. ఆవిడ మొదటిరోజే నాతో అదే చెప్పబోయిందనీ, మంట అని ముద్ర వేసింది నేనేననీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జపానులో డాక్టర్లకి నొప్పి సంగతి ఈ జంట మాటలతోనే చెప్పుకుంటారట. సలుపుతుంటే ‘జుకిజుకి’, సూదులు గుచ్చినట్టుంటే ‘చికుచికు’, చర్మం చిమచిమలాడితే ‘హిరిహిరి’. మా మేనకోడలికి ముందు ఇవి నేర్చుకోమని చెప్పాను. పరాయిదేశంలో ఒంటరిగా ఉండే పిల్ల.

గుడివాడ పాఠకురాలికి జవాబు రాశాను. పుస్తకంగా వేసేటప్పుడు ఆ పదకొండింట్లో పది తీసేస్తానని మాటిచ్చాను. ఒక్కటి ఉంచుకుంటానన్నాను. దబదబా తలుపు చప్పుడు విని ఆ పిల్ల గబగబా లేచే చోట, అది ఉండాల్సిందే.