పేరు చీటీ

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పేర్ల పిచ్చి తెలిసిందే. మొన్న హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో గోడంత కలంకారీ గుడ్డ వేలాడదీశారు. పక్కన చీటీ మీద డిజైనర్ పేరు, ధర. కలం పట్టిన మనిషి ఊసే లేదు. అక్కడి కుర్రాణ్ణి అడిగితే "ఆర్టిజన్స్ చేశారు సార్" అన్నాడు. ఆ బహువచనం వింటే నాకు ఒళ్ళు మంట.

వెంట వచ్చిన మిత్రుడు నన్ను గిల్లాడు: "నువ్వు నెత్తిన పెట్టుకునే ఇబ్రహీం మహామా సంగతేమిటి మరి? ఆ సంచులన్నీ ఆయనే కుట్టాడా?"

మహామా గోనెసంచులతో పనిచేసే కళాకారుడు, ఘనా ఉత్తరాన ఉన్న తమాలే ఆయన ఊరు. 2015లో వెనిస్ బినాలేకి వెళ్ళేనాటికి ముప్ఫై కూడా నిండలేదు. 1895లో మొదలైన ఆ కళా ప్రదర్శనకు ఆఫ్రికాలో పుట్టినవాడు క్యూరేటర్ కావడం అదే మొదలు: నైజీరియా మనిషి ఓక్వుయ్ ఎన్వెజర్. ఘనా శిల్పి, పెద్దాయన ఎల్ అనాట్సుయికి జీవితకాల గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చిందీ ఆ ఏడే. పాత ఓడల కార్ఖానా ఆర్సెనాలేలో ఒక పొడవాటి దారికి రెండువైపులా మహామా పాత గోనెసంచులు కప్పేశాడు. ఆసియాలో నేసిన ఆ సంచుల్లో ఘనావాళ్ళు ముందు కోకో గింజలు నింపుతారు. తర్వాత ధాన్యం, ఆఖరికి బొగ్గు. కొత్త సంచులిచ్చి చిరిగినవి పుచ్చుకుంటాడట ఈయన. వ్యాపారులు ఎంత నవ్వుకుని ఉంటారో!

గోనెసంచి మాట వస్తే నేను ఆగలేను. మా తాతగారి బియ్యం కొట్లో హమాలీ ఒకాయన ఉండేవాడు. నిండు బస్తా మూతి మడిచి, దబ్బనంలో పురికొస ఎక్కించి, ఈ మూల నుంచి ఆ మూలకి చకచకా కుట్టేసేవాడు. రెండు మూలలా పిడికిట్లోకి వచ్చేట్టు చెవులు వదిలేవాడు, బస్తా ఎత్తడానికి. ఆ చెవులు సరిగా లేకపోతే లారీ దగ్గర బూతులు వినాల్సింది అతనే. బస్తా మీద మిల్లు మార్కా ఉండేది, కొట్టు పేరు ఉండేది. కుట్టినవాడి పేరు ఎవరు రాస్తారు? నా పిచ్చి అక్కడే మొదలైందేమో.

మహామా సంచులు కుట్టిందీ ఎక్కువగా పొట్ట చేతపట్టుకుని ఊళ్ళొదిలి నగరాలకొచ్చినవాళ్ళే. వాళ్ళ పేర్లు కూడా గోడకెక్కాలని ఒక పేరా దంచుదామని కూర్చున్నాను. అంతలో ఆయన తీసిన ఫొటోలు గుర్తొచ్చాయి. అన్నీ ఆ పనివాళ్ళ ముంజేతులే. వాటి మీద పచ్చబొట్లు: అయినవాళ్ళ పేరు, ఊరి పేరు. మన అమ్మమ్మల చేతుల మీద ఉండేవాటిలాగే ఉన్నాయని మొదట ముచ్చటపడ్డాను. తీరా చూస్తే, పరాయి ఊళ్ళో ప్రమాదం జరిగితే ఈ మనిషి ఎవరో, ఎవరికి కబురు పెట్టాలో తెలియడానికి పొడిపించుకున్నవట.

అది తెలిశాక ఇక కలం కదల్లేదు. ఆ పనివాళ్ళ పేర్లు వెనిస్‌లో అచ్చేస్తే పొంగిపోయేది నేను, వాళ్ళకు ఒరిగేదేముంది? మహామా తన పనులు అమ్మిన డబ్బుతో తమాలేలో 2019లో ఒక కళాకేంద్రం తెరిచాడు, ఆ తర్వాత రెడ్ క్లే అనే పెద్ద స్టూడియో కట్టాడు. పాత విమానాలు కొని తెచ్చి పిల్లలకు తరగతి గదులుగా మార్చాడు. పేరు చీటీకీ ఆ విమానానికీ పోటీ పెడితే, ఇన్నేళ్ళు చీటీ కోసం పోట్లాడిన నేనే విమానానికి ఓటేస్తాను. కాకపోతే కుట్టినవాళ్ళ చేతికి రోజుకెంత ముట్టిందన్నది వేరే లెక్క, అది బడి కట్టినంత మాత్రాన తీరదు. ఇకమీదట ముందు కూలి అడుగుతాను, పేరు తర్వాత. అనాట్సుయినీ వదలను. నైజీరియాలోని ఎన్‌సుకాలో ఆయన కళాకృతుల కోసం సారా సీసా మూతలు చదును చేసి, చిల్లులు పొడిచి, రాగి తీగతో ముడేసే కుర్రాళ్ళు పదుల్లో పనిచేశారు.